దాలమ్మత్త బల్ల మీద షుగర్ బిస్కెట్లు

మొన్న పలాసలో సరుకులకు వెళ్లినప్పుడు మా ఆవిడ అరలోంచి ఒక పచ్చ పాకెట్టు తీసి నా చేతిలో పెట్టింది. 'డయాబెటిక్ ఫ్రెండ్లీ' అని దాని మీద ఆకుల బొమ్మతో సహా ఉంది. వేళ్ల మధ్య ఆ కాగితం కరకరమనగానే నాకు నవ్వు ఆగలేదు. కొట్టతను వింతగా చూశాడు. పాకెట్టు తీసిన చోటే పెట్టేసి బయటికొచ్చాను గానీ, ఇంటికి చేరేదాకా దాలమ్మత్త గొంతు చెవిలోనే ఉంది.

నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తాని. నేను చేరేనాటికి పప్పు రకాలు వేరుచేసే విభాగమంతా దాలమ్మత్త చేతి కింద ఉండేది. నాకు చుట్టమేమీ కాదు, అక్కడ అందరికీ అత్తే. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ముప్పై మంది ఆడవాళ్లు పొడవాటి బల్లల చుట్టూ కూర్చుని గుండు పప్పు, రెండుగా చీలిన బద్ద, ముక్క విడదీస్తుంటే ఈవిడ మధ్యలో తిరిగేది. కట్టేసిన డబ్బా ఏదైనా తనిఖీకి వస్తే ముందు దాని చీటీని అరచేత్తో మూసేది. ఆ తర్వాతే మూత తీసి పప్పు బల్ల మీద కుమ్మరించి, వేళ్లతో మెల్లగా తడుముతూ చూసేది. కొత్తలో నేను పెద్ద తెలిసినవాడిలా, "ఒకటో రకమని రాసే ఉంది కదత్తా" అన్నాను.

"రాసినోడు అమ్ముకునీవోడు బావూ. పప్పుకి సదువొచ్చేటి?" అంది. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. తీరా చూస్తే, అంతా గుండు పప్పే ఉండాల్సిన ఆ డబ్బాలో మూడో వంతు బద్దలే తేలాయి.

ముప్పై ఎనిమిదో ఏట నాకు షుగర్ బయటపడింది. టెక్కలిలో డాక్టరు మాత్రలు రాసిచ్చి, అన్నం తగ్గించమన్నాడు, నడవమన్నాడు. మూడు నెలలాగి మళ్లీ రక్తం పరీక్ష చేద్దాం, అప్పటికీ దిగకపోతే ఇన్సులిన్ సూది తప్పకపోవచ్చు అన్నాడు. సూదంటే నాకు చిన్నప్పటి నుంచీ గుండె దడ. పైగా ఉద్దానంలో పుట్టినవాణ్ణి. మా వైపు ఏ జబ్బు పేరెత్తినా మాట చివరికి కిడ్నీల దగ్గరే ఆగుతుంది. ఆ రెండు భయాలతో తిన్నగా మందుల కొట్టుకు వెళ్లి షుగర్ ఉన్నవాళ్ల బిస్కెట్లూ, చక్కెర లేని జీడిపప్పు బర్ఫీ కొన్నాను. మందుల పక్కన పెట్టి అమ్ముతున్నారు కనక అవీ మందులే అనుకున్నాను. ఇక అన్నం తగ్గించడం దేనికి, నడవడం దేనికి? పొద్దున టీతో నాలుగు బిస్కెట్లు, సాయంత్రం నాలుగు. డబ్బా విప్పి చూడందే గింజ కూడా ఒప్పుకోని చోట రోజంతా పని చేస్తూ, పాకెట్టు మీద రాసింది చదివి నమ్మేసిన ఘనుణ్ణి నేను.

బర్ఫీ సంగతి మరీ ఘోరం. మా ఇల్లు మందస వెళ్లే దారిలో ఉంది. ఒకరోజు మధ్యాహ్నం, చక్కెర లేదు కదా అని అరడజను ముక్కలు లాగించి, సాయంత్రం పాసింజరెక్కాను. బండి పలాస వదిలిందో లేదో కడుపులో గడబిడ మొదలైంది. మరుగుదొడ్డిలో ఎవరో మహానుభావుడు గడియ పెట్టుకుని ఎంతకీ బయటికి రాలేదు. మా ఊరికి ముందొచ్చే స్టేషను సుమ్మాదేవిలో బండి ఆగీ ఆగకముందే దూకి జీడితోటల్లోకి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి బండి లేదు.

మర్నాడు ఈ కథ చెబితే ఆడవాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. దాలమ్మత్త మాత్రం నవ్వలేదు. "పాకెట్టు తే ఇలగ" అంది. ముందున్న ఆకుల బొమ్మని అరచేత్తో మూసి, బిస్కెట్లు బల్ల మీద కుమ్మరించింది. "ఎనకాతల సన్నచ్చరాలుంటాయి. గట్టిగా సదువు."

చదివాను. మొదటి పేరే మైదా. తర్వాత నూనె. బర్ఫీ డబ్బా వెనకైతే చక్కెర బదులు ఏదో వేశామనీ, ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చనీ వాళ్లే రాసిపెట్టారు. ఆ మాటకి బల్లలన్నీ మళ్లీ ఘొల్లుమన్నాయి.

"మైదా ఏ కాయితంలో సుట్టినా మైదాయే. రోజుకెన్ని తింతన్నావు?"

"ఎనిమిది."

"మామూలియ్యి ఎన్ని తినీవోడివి?"

"రెండు."

ఆవిడ రెండు బిస్కెట్లు ఒకపక్క, ఆరు ఒకపక్క పెట్టింది. "ఈ ఆరూ నీకు ఆ బొమ్మ తినిపించినాది. ఇంక కొనీకు. అన్నం ఓ గంటె తగ్గించు, కూర ఎక్కువేసుకో, మాత్ర మానీకు."

"మరి తీపి తినాలనిపిస్తే?"

"నిజం తీపే ఓ రవ్వ తిను. తిన్నానని ఒప్పుకుని, ఆ పూట అన్నం తగ్గించీ."

అందరి ముందూ పరువు పోయిందని రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మూడో రోజు నుంచి సుమ్మాదేవిలో నా అంతట నేనే దిగి ఇంటికి నడవడం మొదలుపెట్టాను. పాకెట్లు మానేశాను.

మూడు నెలల పరీక్షలో అంకె దిగింది. సూది తప్పింది. ఆ కాగితం పట్టుకుని టెక్కలి నుంచి ఎగురుకుంటూ వచ్చి దాలమ్మత్త చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కంటికి ఆనించి, అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చేసింది. "సదువు" అంది.

"అంకెలు కూడా రావా అత్తా?" అని వేళాకోళమాడాను.

"ఒచ్చు. ఏడో తరగతి సదివినాను. కనబడవు."

ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. "నాకూ సుగరే బావూ, నీకంటే ముందునుంచీ. నా కూతురు ఒచ్చినప్పుడల్లా ఇలాటి పాకెట్లే తెచ్చీది. ఇయ్యున్నాయి గదా, ఇంకేటి భయమనీసి మాత్రలు మానీసినాను. రగతం సూపించుకోడం మానీసినాను. రెండేళ్లకి కళ్లకాడికొచ్చీసింది."

"కూతురికి చెప్పావా?"

"ఎలగ సెప్తాను? పేమతోటి తెచ్చింది."

అంటే డబ్బా చీటీ మూసినా తెరిచినా ఆవిడకు ఒకటే. పప్పు రకం చెప్పింది వేళ్లు. ఆ విభాగంలో ముప్పై మందికీ ఈ సంగతి ముందే తెలుసట. మా యజమానికి ఒక్కరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆవిడ పని మానేసేదాకా ఆ బల్లల మీంచి ఒక్క డబ్బా కూడా తప్పు రకంతో బయటికి పోలేదు.

దాలమ్మత్త పోయి రెండేళ్లు దాటింది. నన్ను అంతగా నవ్వించినవాళ్లూ, అంతగా సిగ్గుపడేలా చేసినవాళ్లూ మరొకరు లేరు. ఆవిడంటే నాకు చాలా ఇష్టమని ఆవిడ ఉండగా ఒక్కసారీ చెప్పలేదు. మూడు నెలలకొకసారి టెక్కలి వెళ్లి రక్తపరీక్షకి చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చుంటాను. సూది కనబడగానే ఇప్పటికీ కళ్లు గట్టిగా మూసుకుంటాను, అక్కడి నర్సమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. అయినా ఆవిడ మానేసిన పరీక్షని నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా మానలేదు.