సీరియస్‌గా ఉందట

మా వైపు మనిషి పోయాడని ఫోన్లో చెప్పరు. “సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరండి” అంటారు. విన్నవాళ్లకి అర్థమవుతుంది, అయినా అర్థం కానట్టే బయల్దేరతారు. దారిలో గుండెలు బాదుకోకుండా మనిషి క్షేమంగా ఇల్లు చేరాలి కదా, అందుకని ఎవరో పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి. అమ్మమ్మ పోయినప్పుడు మా అమ్మని అలాగే తీసుకెళ్లారు. అమ్మ పోయినప్పుడు నన్నూ అలాగే తీసుకెళ్లారు. ఆ అబద్ధం చెప్పే వంతు నాకు వచ్చేసరికి, నోరు తెరవకముందే దాన్ని నేనే పాడుచేసుకున్నాను.

నాకు చిన్నప్పటినుంచీ కుదురు తక్కువ. అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. ఇప్పుడు ఆ పిల్లి చేతికి ఫోన్ వచ్చింది, అంతే తేడా. కుడిచేత్తో అన్నం కలుపుతూ ఎడమచేత్తో ఫోన్ చూస్తాను. ట్రాఫిక్‌లో రెడ్ సిగ్నల్ పడితే సంతోషిస్తాను.

ఆ రోజు పొద్దున ఆరున్నరకి చల్లపల్లి దగ్గరి ఊరినుంచి బావ ఫోన్ చేశాడు. బావ అంటే మా మేనమామ కొడుకు. పద్ధతి మర్చిపోయి “నాన్న పోయాడు” అనేశాడు. తెల్లవారుజామున లేచి, కాఫీ తాగి, కాసేపు పడుకుంటానని పడుకున్నాడట. లేపితే లేవలేదట. ఎవరితోనూ ఒక్క మాట అనలేదట. బావ ఏడుస్తుండగానే లైన్ కట్ అయింది.

ట్రాక్టర్ మీద తన ఒళ్లో కూర్చోబెట్టుకుని నా చేత మొదటిసారి స్టీరింగ్ పట్టించిన మామయ్య. ఆయన పోయాడని తెలిసిన మొదటి నిమిషంలో నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. స్టేటస్ పెట్టాను. ఏడుపు ఇంకా రాలేదు, వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. మామయ్య ఒక్కడే ఉన్న ఫొటో కోసం వెతికితే దొరకలేదు. ఎవరిదో పెళ్లిలో ఆయన, మా పిన్ని పక్కపక్కన నిలబడ్డ ఫొటో ఉంది. పిన్ని మా అమ్మ చెల్లెలు, మామయ్యకి ఆఖరి చెల్లెలు. ఆమెని కత్తిరించాను. తొందరలో ఆయన భుజం మీద పిన్ని చెయ్యి అలాగే ఉండిపోయింది. కింద ‘ఓం శాంతి’ అని రాసి, దండం బొమ్మ పెట్టి వదిలాను. పెట్టకపోతే, సొంత మేనకోడలై ఉండి పెట్టలేదేమిటి అంటారన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చింది. అదీ నిజమే.

పన్నెండు నిమిషాల తర్వాత బావ మళ్లీ చేశాడు. “అత్తకి చెప్పబాకు. పోయినేడే స్టెంట్ వేశారు గదా. సీరియస్‌గా ఉందని చెప్పి నువ్వే తీసుకొచ్చెయ్” అన్నాడు. పిన్ని కూడా మా విజయవాడలోనే, గుణదలలో ఉంటుంది. కొడుకూ కోడలూ ఆ రోజు ఊళ్లో లేరు. గబగబా స్టేటస్ తీసేశాను. ఎవరెవరు చూశారో పేర్లు కింద వస్తాయి కదా, అవి చూసి తీసేయాల్సింది. నేను చూడలేదు. ఆ పేర్లతో సహా అంతా పోయింది. పిన్ని చూసిందా లేదా అన్నది ఇక తెలిసే దారి లేదు.

గుణదల వెళ్లేలోగా చుట్టాలందరికీ విడివిడిగా ఫోన్లు చేశాను, పిన్నికి కనబడకుండా స్టేటస్‌లు తీసేయండి అని. గ్రూపులో చెబుదామంటే గ్రూపులో పిన్ని ఉంది. ఒక పెద్దమ్మ అయితే “అయ్యో, తీసేస్తే జనం ఏమనుకుంటారే?” అంది. “ఏమన్నా అనుకోనివ్వు, ముందు తియ్యి” అని అరిచాను. గంట క్రితం నా బుద్ధీ అదే మరి.

మామయ్యకీ పిన్నికీ ఏడాదిన్నరగా మాటల్లేవు. కారణం చెబితే బయటివాళ్లు నవ్వుతారు. బావ కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. పద్ధతి ప్రకారం అయితే మామయ్యా అత్తయ్యా గుణదల వచ్చి, పిన్నికి బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి పిలవాలి. ఇంటి ఆడపడుచు కదా. మామయ్యకి మోకాళ్ల నొప్పులు, పిన్ని ఉండేదేమో లిఫ్టు లేని మూడో అంతస్తు. ఆయన కార్డు ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, అందరూ సకుటుంబంగా రావాలని రాశాడు. పిన్ని దాని కింద బొటనవేలి బొమ్మ పెట్టింది. ఫంక్షన్‌కి మాత్రం వెళ్లలేదు.

“నేను గ్రూపులో మెంబర్నా, ఆయనకి చెల్లెల్నా?” అంది నాతో.

మామయ్య ఫంక్షన్ రోజు సాయంత్రం దాకా గుమ్మం వైపు చూసి, “బొట్టు పెట్టకపోతే చెల్లెలు కాకుండా పోద్దా?” అన్నాడు. ఇద్దరి మధ్యా కబుర్లు మోసి రెండు చోట్లా తిట్లు తిన్నది నేను.

మాట్లాడుకోవడం మానేశారు గానీ, ఒకరి స్టేటస్ ఒకరు చూడటం మాత్రం మానలేదు. పిన్ని పొద్దున్నే గులాబీ పువ్వులేసి బంధాల గురించి ఒక సూక్తి పెట్టేది. మధ్యాహ్నానికి మామయ్య పెద్దరికం గురించి ఒకటి పెట్టేవాడు. అది తననే అన్నాడని పిన్ని నాకు ఫోన్. “గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే పిన్నీ” అనేదాన్ని. తర్వాత తర్వాత ఆయన సూక్తులు మానేసి పొలం ఫొటోలు, కాలవ ఫొటోలు పెట్టసాగాడు. పిన్ని మెత్తబడింది. “ఇవాళ ఏడింటికల్లా చూశాడే మీ మామయ్య. మాట్లాడడు గానీ చూస్తాడు” అని చెప్పేటప్పుడు ఆమె గొంతులో సంబరం దాగేది కాదు.

రెండు గంటల దారి. నా కారు కింద నిలబడే ఉంటుంది. ఈ ఏడాదిన్నరలో ఏ ఆదివారమైనా ఆమెని ఎక్కించుకుని వెళ్లి ఉండొచ్చు. చూసుకుంటూనే ఉన్నారు కదా, పర్లేదులే అనుకున్నాను. నా మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే.

నేను వెళ్లేసరికి పిన్ని ముతక నూలు చీర కట్టుకుని సోఫా అంచున కూర్చుని ఉంది. దేవుడి అరలో దీపం వెలిగించలేదు. అది నా కంటపడింది గానీ బుర్రకి ఎక్కలేదు.

“పిన్నీ, మామయ్యకి సీరియస్‌గా ఉందంట. మనం వెళ్లాలి” అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపు భరించలేక నోటికొచ్చింది అనేశాను. “నిన్నే అడుగుతున్నాడంట.”

“నన్నా?” అంది. “నన్ను అడుగుతున్నాడా?”

“నిన్నే పిన్నీ. పద.”

ఆమె లేచింది. ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. “నా ఫోన్లో చార్జింగ్ లేదు, నీది ఇవ్వు, దారి చూసుకోవాలి” అన్నాను. అని నాలిక కరుచుకున్నాను. ఊహ తెలిసినప్పటినుంచి వెళ్తున్న ఊరికి నాకు దారి కావాలట! పిన్ని మారుమాట్లాడకుండా ఫోన్ ఇచ్చేసింది. దాన్ని స్విచ్చాఫ్ చేసి నా హ్యాండ్‌బ్యాగ్ అడుగున పడేశాను.

కంకిపాడు దాటేదాకా నా ఒంట్లో ఒక్క నరం కుదురుగా లేదు. నా ఫోన్ స్టాండులో ఉంది, అది వెలిగినప్పుడల్లా పిన్ని వైపు చూస్తున్నాను. సైలెంట్‌లో పెట్టాను గానీ కారు స్పీకర్లకి కలిసి ఉందన్న సంగతి మర్చిపోయాను. బావ ఫోన్ చేస్తే దానంతటదే ఎత్తేసింది. కారంతా ఆయన గొంతు.

“బాక్సొచ్చింది, మీరు ఎందాకొచ్చారు...” అంటుండగా కట్ చేశాను.

“ఏం బాక్సే?” అంది పిన్ని.

“ఆక్సిజన్ పిన్నీ. ఆక్సిజన్ బాక్సు.”

“ఊఁ” అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏసీ పెంచాను, తగ్గించాను, మళ్లీ పెంచాను.

ఉయ్యూరులో టీ బడ్డీ దగ్గర ఆపాను. ఆమెకి అవసరమని కాదు, నాకు ఊపిరాడక. పిన్ని టీ వద్దంది, బిస్కెట్ కూడా వద్దంది. కాసిని మంచినీళ్లతో బీపీ మాత్ర వేసుకుని, “ఏమన్నాడంట? నన్ను ఏమని అడిగాడు?” అంది.

నిజంగా ఏమీ అనలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి పడుకున్నాడు, అంతే. “చెల్లాయి బయల్దేరిందా, అన్నాడంట” అని చెప్పాను.

“చెల్లాయి అన్నాడా?”

“అన్నాడంట.”

పామర్రు దగ్గర ఎడ్లబండిలా పోతున్న లారీ వెనక ఇరుక్కున్నాం. హారన్ మీద హారన్ కొట్టాను. తిట్టాను కూడా. లేట్ అయితే ఏమవుతుంది? ఏమీ కాదు, ఎవరూ ఎవరికోసమూ ఆగి లేరు. కానీ పిన్ని పక్కన ఇంకో నిమిషం కూర్చుంటే నిజం కక్కేస్తానేమోనని భయం.

“నిన్న రాత్రి కాలవకి నీళ్లొదిలారని ఫొటో పెట్టాడే” అంది పిన్ని. “నేను తొమ్మిదింటికి చూశాను. నేను చూసినట్టు ఆయన చూసుకున్నాడో లేదో.”

ఆ కాలవ ఫొటో ఇంకా ఆయన పేరు పక్కన గుండ్రటి గీత చుట్టుకుని ఉంది. పొద్దున నేనూ చూశాను. మనిషి లేడు, ఆయన పెట్టిన కాలవ రాత్రిదాకా పారుతూనే ఉంటుంది.

కూచిపూడి దాటాక మూడోసారి అడిగింది. “ఇంకేమన్నా అన్నాడా? ఆ ఫంక్షన్ సంగతేమన్నా?”

ఇక్కడ నేను హద్దు దాటాను. “బొట్టు పెట్టి పిలవకపోవడం తప్పయిందన్నాడంట పిన్నీ” అన్నాను. బతికి ఉండగా ఒక్కరి ముందు తల వంచని మనిషి మామయ్య. పోయి ఒక పూటన్నా గడవకముందే ఆయన చేత నేను క్షమాపణ చెప్పించాను. పిన్ని నా వైపు తిరిగి ఒక్క క్షణం చూసింది. ఆ తర్వాత ఊరొచ్చేదాకా ఏమీ అడగలేదు.

వీధి మొదట్లోనే షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. ఇక దాచడానికేముంది? “పిన్నీ...” అన్నాను. ఆమె అప్పటికే తలుపు తీసుకుని దిగింది. మూడు మెట్లెక్కాలంటే రెండుసార్లు ఆగే మనిషి గబగబా నడిచి వెళ్లింది. కూలిపోతుందని నేను వెనకాలే పరుగెత్తాను. కూలిపోలేదు. గాజుపెట్టె మీద చెయ్యి వేసి, “వచ్చాను అన్నయ్యా, పిలవకుండానే వచ్చాను చూడు” అని ఏడ్చింది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు, మొత్తం ఒక్కసారే. ఎవరో అమ్మాయి దూరాన ఉన్నవాళ్లకి చూపించాలని ఫోన్ పైకెత్తింది. “దించు ముందు” అని కసిరాను. పాపం, ఆ పిల్ల బెదిరిపోయింది.

చిన్నకర్మ అయ్యాక, మూడోరోజు సాయంత్రం పిన్నిని తీసుకుని విజయవాడ తిరిగొస్తున్నాను. ఉయ్యూరు దగ్గర ఆమే కాఫీ తాగుదామంది. అదే బడ్డీ. గ్లాసు చేతిలో పట్టుకుని ఊదుకుంటూ, మామూలుగా అంది.

“నువ్వు పెట్టిన ఫొటోలో నా చెయ్యి ఉండిపోయిందే.”

నా గ్లాసు పక్కన పెట్టేశాను.

“చూశావా పిన్నీ?”

“నువ్వు పెట్టంగానే చూశా. స్నానానికి లేవబోతా ఫోన్ తీశా. అన్నయ్య ఫొటో, భుజం మీద నా చెయ్యి, కింద ఓం శాంతి. మళ్లీ చూద్దామంటే తీసేశావు.”

చెప్పుతో కొట్టినా అంత నొప్పి ఉండదు. ఆ మూడో అంతస్తులో ఒక్కతే కూర్చుని, తోడబుట్టినవాడు పోయాడన్న సంగతి నా దండం బొమ్మ చూసి తెలుసుకుంది. నేను వెళ్లేదాకా గంటకి పైగా అలాగే ఉంది. ఎవరికీ ఫోన్ కూడా చేయలేదు. ఆమెకి ఏమన్నా అయి ఉంటే?

“తప్పయింది పిన్నీ” అన్నాను. “మరి దారంతా ఒక్క మాట అనలేదేం? నా అబద్ధాలన్నీ విన్నావు.”

“పోయాడని నీ ఫోన్ చెప్పింది. నన్ను అడిగాడని నువ్వు చెప్పావు. ఆ రెండోది వింటా కూర్చున్నా.”

నిజం చెప్పేయాలనుకున్నాను. ఈ ఒక్కటైనా శుభ్రంగా ఒప్పేసుకోవాలని, “పిన్నీ, అసలు మామయ్య...” అని మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“తెల్సులేవే. ఆ తప్పయిందన్నాడన్నావు చూడు, అది అతకలా. మా అన్నయ్య చచ్చినా అనడు ఆ మాట.” ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది. “చెల్లాయి బయల్దేరిందా, అన్నాడన్నావే. అది మాత్రం అచ్చం ఆయన మాటే. అది ఇంకోసారి చెప్పు.”

ఫోన్ డాష్‌బోర్డు లోపల పెట్టి మూసేశాను. కారు తీశాను. కంకిపాడు వచ్చేదాకా ఆమె అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను.