పంపు అంచు మీద ఆఖరి దెబ్బ

పడవలు బాగుచేసే ఆ షెడ్డులో, హోరు తగలకుండా పెట్టుకునే చెవిమూతలు ఒక్క జతే ఉండేవి. ఓనరు గదిలో గోడమేకుకి వేలాడేవి. తనిఖీ అధికారి వచ్చిన రోజున మాత్రం కిందికి దిగి మేస్త్రి నెత్తికెక్కేవి. అధికారి కారు గేటు దాటగానే ఓనరు చెయ్యి చాపేవాడు, "ఇటివ్వు మేస్త్రీ, మురికైపోతాయి" అని. మేస్త్రి వాటిని చొక్కాకి తుడిచి మరీ ఇచ్చేవాడు. ఇరవై రెండేళ్లు అలా ఇస్తూనే ఉన్నాడు. ఇదేం న్యాయమని ఒక్కనాడూ నోరు విప్పింది లేదు.

ఆయన పని జెట్ బోట్ల పంపులు విప్పడం. మామూలు మరపడవకి రెక్కలు బయట నీళ్లలో తిరుగుతాయి. జెట్ బోటుకి అవి లోపల, ఒక లోహపు గొట్టంలో తిరుగుతాయి. కింది నుంచి నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముతాయి, ఆ తోపుకి పడవ పరుగెడుతుంది. గొట్టం ముక్కల మధ్య నీళ్లు కారకుండా గమ్ము పూసి బిగిస్తారు. నాలుగేళ్లు ఉప్పునీళ్లు తాగి, ఇసుక నమిలి వచ్చిన పంపులో ఆ ముక్కలు ఒకదాన్నొకటి కరిచిపట్టుకుని ఉంటాయి. బోల్టులన్నీ తీసేసినా ససేమిరా కదలవు.

మేస్త్రి ముందు గ్యాసుమంటతో అంచు చుట్టూ వేడిచేసేవాడు. తర్వాత ఇత్తడి సుత్తితో అంచు వెంట అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోయేవాడు. గమ్ము పట్టి ఉన్నంతసేపూ దెబ్బ మొద్దుగా పలుకుతుంది. ఎక్కడో వీడిందంటే గొంతు మారి సన్నగా మోగుతుంది. అక్కడ చెయ్యి ఆపెయ్యాలి. ఇంకొక్క దెబ్బ పడిందా, ఆసరా తప్పిన ఆ పల్చటి అల్యూమినియం అంచు పగిలి ఊరుకుంటుంది. ఆ మార్పు పట్టడంలో ఆయనకి సాటి లేరు. అందుకే అందరికీ ఆయన చెవుల మేస్త్రి.

తన సుత్తి తను వినాలంటే చెవులు తెరిచే ఉంచాలి, నిజమే. కానీ ఆ పని రోజుకి గంటో గంటన్నరో. మిగతా ఏడు గంటలూ పక్కన గ్రైండరు అరిచేది, రేకుల కప్పు కింద ఇంజన్లు పొగగొట్టం లేకుండా హోరెత్తేవి. ఆ ఏడు గంటలే ఆయన చెవుల్ని తినేశాయి.

మొదట కుక్కరు కూత పోయింది. తర్వాత వెనక నుంచి పిలిచే భార్య గొంతు పోయింది. "గోడకి చెప్పినా ఈపాటికి ఊ కొట్టేది" అనేదావిడ. దాంతో ఆయన ఊ కొట్టడం నేర్చుకున్నాడు. ఎదుటి మనిషి నవ్వితే నవ్వేవాడు, తలూపితే తలూపేవాడు. షెడ్డులో ఇంకో కిటుకు కనిపెట్టాడు. గొట్టం మీద ఎడమ అరచెయ్యి ఆనించి కొడితే, గమ్ము వీడినప్పుడు చేతికింద వణుకు మారుతుంది. రెండేళ్లు అలా అరచేత్తో విన్నాడు. చెవులు పోయాయని తెలిస్తే పనీ పోతుందని ఆయన భయం.

ఒక మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది. ఆమెకి నాలుగో నెల. ఆ రోజు స్కానింగని ఆయనకి తెలుసు. ఇంజను హోరులో ఫోను చెవికి నొక్కుకున్నా ఒక్క ముక్క వినపడలేదు. మాట ఆగినట్టనిపించగానే, "మంచి కబురు చెప్పావు తల్లీ! సాయంత్రం స్వీట్లు పట్టుకొస్తా" అన్నాడు.

కూతురింటికి పట్టుకెళ్లాడు కూడా. తలుపు తీసిన అల్లుడు పొట్లం వంక చూసి పక్కకి జరిగాడు. లోపల కూతురు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అప్పటికే అక్కడున్న భార్య ఆయన్ని చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి లాక్కొచ్చింది.

"కడుపు పోయిందని ఏడుస్తూ చెబితే స్వీట్లు తెస్తానంటావా? ఏం విన్నావయ్యా నువ్వు?" మొహంలో మొహం పెట్టి అరిచింది.

"ఏమీ వినలేదే."

"మరి మంచి కబురని ఎందుకన్నావు?"

"అందరికీ ఏదో ఒకటి అలాగే అంటున్నా. రెండేళ్లుగా."

ఆవిడ మెట్టు మీద కూలబడింది. ఆయనకి కనపడేలా తల పైకెత్తి, "రేపు పొద్దున్నే ఓనరుతో చెప్పెయ్" అంది.

"తీసేస్తాడే."

"తీసెయ్యనీ. పిల్ల ఏడుపు వినపడనివ్వని పని మనకెందుకు?"

చెప్పేద్దామనే బయల్దేరాడు. తీరా వెళ్లేసరికి బల్ల మీద పంపు సిద్ధంగా ఉంది. "మధ్యాహ్నానికి పడవ నీళ్లలో దిగాలి మేస్త్రీ, నీదే భారం" అన్నాడు ఓనరు. ఇదొక్కటీ అయ్యాక చెబుదాం అనుకున్నాడు మేస్త్రి. అంచు వేడిచేశాడు. మనసంతా గోడవైపు తిరిగిన ఆ వీపు దగ్గరే ఉంది. మంట తీసీ తియ్యగానే, మంట తగిలిన చోటే ఎడమ అరచెయ్యి ఆనించేశాడు. తోలు అంటుకుపోయింది. పక్కనే పనిచేసే కుర్ర వెల్డరు పరుగెత్తుకొచ్చి నీళ్లు పోసి గుడ్డ చుట్టాడు.

"ఇవాళ్టికి వదిలెయ్ బాబాయ్."

పెదాలు చూసి అర్థం చేసుకుని, "చిన్నదేలేరా" అన్నాడు మేస్త్రి.

గుడ్డ చుట్టిన చెయ్యి గొట్టం మీద పెట్టి కొట్టడం మొదలెట్టాడు. ఆ మందం గుడ్డలోంచి ఏ వణుకూ అందలేదు. ఏడో ఎనిమిదో దెబ్బకి అంచు సన్నగా మోగింది. షెడ్డులో అందరికీ వినిపించింది.

"ఆపు బాబాయ్! మోగింది, ఆపు!"

వెల్డరు వెనక నుంచి కేక వేశాడు. సుత్తి ఇంకోసారి లేచింది. దెబ్బ పడ్డాక, అంచు మీద వెంట్రుకలాంటి గీత పరుగెత్తడం మేస్త్రి కళ్లతో చూశాడు.

ఓనరు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మోగలేదా?"

"మోగే ఉంటుంది సార్. నాకు వినపడలేదు."

"ఎన్నాళ్లనుంచి?"

"రెండేళ్లు."

"ఇన్నాళ్లూ మోసం చేశావన్నమాట."

"సార్, ఆయన చెవులు పోయింది ఇక్కడే కదా" అన్నాడు వెల్డరు.

"కాగితముందా? వయసు మీద పడితే అందరికీ పోతాయి."

కాగితం లేదు. ఇరవై రెండేళ్లలో ఎవరూ ఆయన చెవులు పరీక్షించలేదు. పని పోయింది. పరిహారం అడగడానికి వెళ్తే కార్మిక కార్యాలయం గుమస్తా కూడా అదే ప్రశ్న రాసి చూపించాడు: చేరినప్పుడు వినికిడి ఎంత ఉండేదని రుజువేమిటి? మేస్త్రి తడుముకోకుండా చెప్పాడు, "అటు తిరిగి నిలబడి ఉన్నా, కింద పడింది ఏ సైజు బోల్టో చెప్పేవాణ్ణండీ." గుమస్తా ఫైలు మూసేశాడు. అలాంటి రుజువుకి ఆ ఫారంలో గడి లేదు.

నెల తర్వాత కూతురు వచ్చింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు ఫోన్లో చెప్పింది మళ్లీ చెప్పనా నాన్నా?"

ఒక్కో మాటా విడదీసి, మొదటినుంచీ చెప్పింది. మధ్యలో పెదాలు వణికి మాట చెదిరినప్పుడు, ఆయన ఊ కొట్టలేదు. "అర్థం కాలేదు తల్లీ, మళ్లీ చెప్పు" అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఆమె చెప్పడం అయ్యాక ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. ఆయన ఏడ్చింది ఆయనకి వినపడలేదు.

ఈ మేస్త్రికి పోయింది తిరిగి రాదు. కానీ మీ స్కూటరు బాగుచేసే చోట, మీ గేటు వెల్డింగు చేసే చోట, మీరు సరదాగా ఎక్కే పడవల షెడ్డులో ఇంకా చెవులున్న మనుషులున్నారు. ఈసారి వెళ్లినప్పుడు ఓనర్ని ఒక్క మాట అడగండి: "మీ పనివాళ్లకి చెవి పరీక్ష ఎప్పుడు చేయించారు? కాగితం వాళ్ల చేతికిచ్చారా?" నీళ్లు నమిలితే కార్మిక కార్యాలయానికి ఉత్తరం రాయండి. మీ పేరు పెట్టి రాయండి. పనిలో చేరిన రోజున ఒకటి, ఏడాదికొకటి పరీక్ష కావాలని రాయండి. పనివాడు అడిగితే పని పోతుంది. మీరు అడిగితే మీకేమీ పోదు. అడగండి.