ఉన్న నిబంధనను లేదన్నాను

ఇరవై రెండేళ్లుగా ఒక అబద్ధానికి అట్ట వేసి, నంబరు అంటించి, గ్రంథాలయం బీరువాలో కాపాడుతున్నాను. అది నేను రాసిన పుస్తకమే. మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ క్లబ్ చరిత్ర. సన్నని పుస్తకం. అయినా దాన్ని ముట్టుకున్నప్పుడల్లా చెయ్యి బరువెక్కుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. నన్ను ఓదార్చాలని మాత్రం చూడకండి. ఓదార్చేవాళ్లంటే నాకు గిట్టదు.

నేను ఇంటర్ తప్పినవాణ్ణి. సాలూరు వైపు రైతు కుటుంబం. అరకు దగ్గర ఈ కొండ క్యాంపస్‌కు గ్రంథాలయం అటెండరుగా వచ్చాను. పుస్తకాలు సర్దే పని. సర్దుతూ చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. లెక్చరర్లు నన్ను అడిగి తెలుసుకున్న సంగతులున్నాయి. ఆ గర్వం ఇప్పటికీ ఉంది, దాచను. స్కోరు రాయడానికి, కాగితాలు చూడటానికి క్లబ్ వాళ్లు నన్ను పెట్టుకున్నారు. పాచిపెంట, చింతపల్లి, గుమ్మలక్ష్మీపురం, లీగ్ మ్యాచ్ ఎక్కడ జరిగినా జట్టుతో వెళ్లేవాణ్ణి. లీగ్ నిబంధనల పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. క్లబ్ మొత్తంలో దాన్ని చివరిదాకా చదివింది నేనొక్కణ్ణే.

సుక్ర మా గోల్‌కీపర్. కొండ మీది పల్లె నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్నాడు. పై డివిజన్‌లో మూడేళ్లు నిలిచామంటే అతని వల్లే. ఈ వాక్యం నా పుస్తకంలో లేదు.

ఒకరోజు ప్రాక్టీసులో, పెనాల్టీ కొట్టేటప్పుడు గోల్‌కీపర్ కాళ్లు ఎక్కడుండాలో అతనికి చెప్పబోయాను. చదివిందే చెప్పాను. అందరి ముందూ నవ్వాడు.

"ఏటి మాస్టారూ, పుస్తకాల దుమ్ము దులిపీవోడివి, నాకు బంతి నేర్పుతావేటి?"

జట్టంతా నవ్వింది. ఆ రోజు నుంచి నేను దుమ్ము మాస్టారిని. వాళ్లకది ఒక పూట సరదా. నాకు? ఏ పుస్తకం తెరిచినా ఆ నవ్వే వినిపించేది. అంత చిన్న మాటకు ఇంత పగా అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. చదువొక్కటే ఆస్తిగా ఉన్నవాడి దగ్గర ఆ చదువునే గేలి చేస్తే వాడికి ఇంకేం మిగులుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది జవాబు కాదు. సాకు.

ఆ ఏడాది చివరి మ్యాచ్ చింతపల్లిలో. ఓడితే కింది డివిజన్‌కు పడిపోతాం. సుక్రకు అంతకంటే పెద్ద సంగతి ఉంది. ఒక ప్రభుత్వ శాఖ జట్టు తరఫున ఒకాయన అతని ఆట చూడటానికి వస్తున్నాడు. నచ్చితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. ఘాట్ రోడ్డులో వాన పట్టుకుంది. జీపు కిక్కిరిసి ఉంది. నా స్కోరు పుస్తకాలు తడవకూడదని సుక్ర తన సంచి తీసి జీపు మీద కట్టి, ఆ చోట్లో నా మూట పెట్టాడు. నన్ను మళ్లీ వెక్కిరిస్తున్నాడనే అనుకున్నాను. ఏ మలుపులోనో సంచి జారి లోయలో పడింది. అతని ఆటగాడి కార్డు అందులోనే ఉంది.

కార్డు లేకపోతే ఆడనివ్వనన్నాడు లీగ్ అధికారి. ఆయనా ఆ పుస్తకం తెరిచినవాడు కాదు. మా కోచ్ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"రూల్సు పుస్తకం నీ కాడే ఉంది కదా. కార్డు పోతే ఏటి సెయ్యాలో బేగి సూడు."

వెనకే సుక్ర వచ్చాడు. తడిసి వణుకుతున్నాడు. "మాస్టారూ, ఆయేల నాను అన్న మాట మనసులో ఎట్టుకోకు. ఏదో దారుంటాది. సూడు."

పేజీలు తిప్పాను. ఉంది. కార్డు పోతే కోచ్ ఉత్తరం రాసి, ఇద్దరు ఆటగాళ్లు సాక్షి సంతకం పెడితే ఆడవచ్చు. మూడు రోజుల్లో కొత్త కార్డు చూపిస్తే చాలు. నా వేలు ఆ పేరా మీదే ఉంది.

"లేదు. ఏ దారీ లేదు," అన్నాను.

"సరిగ్గా సూసినావా?" అన్నాడు సుక్ర.

"నాకు చదవడం వచ్చు."

నమ్మాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. నా చదువును అంత గేలి చేసినవాడు, తన బతుకు దాని మీద ఆధారపడిన క్షణాన దాన్ని మారుమాట లేకుండా నమ్మాడు. జేబులో మిగిలిన చేతి తొడుగులు ఇంకొకడికిచ్చి గీత అవతల కూర్చున్నాడు. నాలుగు గోల్స్ తేడాతో ఓడాం. చూడటానికి వచ్చినాయన సగంలోనే లేచి వెళ్లిపోయాడు. నాకు సంతోషం కలిగిందా? కలిగింది. తిరుగు దారిలో పాడేరు చేరేదాకా కలిగింది.

సుక్ర చదువు మానేశాడు. ఊళ్లో కాఫీ, మిరియాలు పండించుకుంటున్నాడు. మరుసటి ఏడాది నన్ను క్లబ్ చరిత్ర రాయమన్నారు. గోల్‌కీపర్ నిర్లక్ష్యం వల్ల కార్డు పోయిందని, నిబంధనల ప్రకారం మరో మార్గం లేకపోయిందని రాశాను. క్లబ్ మళ్లీ పై డివిజన్‌కు ఎక్కలేదు. ఇప్పటికీ ఇక్కడ ఎవడైనా హాల్‌టికెట్ మరిచిపోతే "సుక్ర పని సేసినావురా" అంటారు. ఆ మాట పుట్టింది నా పుస్తకంలోంచే.

ఈ ఏడాది బీఎస్సీలో చేరిన ఒక అమ్మాయి వచ్చి ఆ పుస్తకం అడిగింది. సుక్ర కూతురు. బల్ల దగ్గర నిలబడే ఆ పేజీ చదివింది. కోపగించుకుంటే బాగుండేది. నేనూ కసురుకునేవాణ్ణి. పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

"మా నాన్న కూడా ఇదే సెప్తాడండి. తప్పంతా నాదే అంటాడు."

అప్పుడైనా చెప్పానా? లేదు. రిజిస్టరులో సంతకం పెట్టించుకుని పంపేశాను.

సుక్ర అంటే నాకు ఈనాటికీ ఇష్టం లేదు. ఆ నవ్వును మరిచిపోలేదు. ఎదురుగా వెళ్లి చెబితే పోనీలే మాస్టారూ అంటాడేమోనని భయం. ఆ మాట అతని నోటి నుంచి నాకు వద్దు. కానీ ఇష్టం లేనివాడికైనా నిజం ఇవ్వాల్సిందే కదా? నిబంధన ఉంది. నేను చూశాను. లేదన్నాను. తప్పు నాది. నా పేరు దాచాను కానీ అతని పేరు దాచలేదు. అతని పల్లె వైపు వాళ్లెవరైనా ఇది చదివితే వెళ్లి అతనికి చెప్పండి.

ఇంతవరకూ రాసి కలం పక్కన పెడితే ఆకలేసింది. వెళ్లి అన్నం వడ్డించుకున్నాను. సిగ్గుపడాలేమో. రెండోసారీ వడ్డించుకున్నాను.