చలిని కొలవడానికి వచ్చినాయనకి వేడివేడి గారెలు

ఒక్క పూటలో, ఎవరి సాయమూ లేకుండా, ఒక మేడ మేడనంతా చలికి అప్పజెప్పిన ఘనత నాది. మీరు హాయిగా నవ్వుకోండి. అప్పట్లో మాత్రం ఆ మేడలో ఎవరూ నవ్వలేదు. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే నవ్వడం కష్టం మరి.

ఎనభైల మొదట్లో సంగతి. న్యూజెర్సీలో, తక్కువ జీతాలవాళ్ల కోసం ప్రభుత్వం కట్టించిన మేడలో పై అంతస్తున ఉండేవాళ్లం. మా ఆయనకి ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది, ఉద్యోగం గ్యాస్ స్టేషన్లో. మా ఇంటి ఓనరు మనిషి కాదు, హౌసింగ్ ఆఫీసు. మనిషైతే వీధిలో నిలబెట్టి నాలుగూ దులిపేయొచ్చు. ఆఫీసుని ఎక్కడ నిలబెడతాం?

ఆ చలికాలం, వాటాలన్నిటికీ వేడి పంపే బాయిలరు చచ్చిపోయింది. ఇంట్లోనే కోట్లు తొడుక్కుని అన్నం తినేవాళ్లం. మా కింది వాటాలో గ్లోరియాగారుండేవారు. నల్లజాతి పెద్దావిడ, మేడంతటికీ పెద్దదిక్కు. ఆవిడ మనవడికి ఇంకా ఏడాది నిండలేదు. ఆ పసివాడి దగ్గు మా గదిలోకి వినపడుతుంటే నాకు ముద్ద దిగేది కాదు. ఆఫీసుకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా మేనేజరు "మనిషిని పంపుతున్నాం" అనేవాడు. ఆ మనిషి ఎప్పుడూ దారిలోనే ఉండేవాడు.

ఒక సాయంత్రం గ్లోరియాగారు అందరినీ మెట్ల దగ్గరికి పిలిచారు. ఆవిడ ఇంగ్లీషుని నా తెలుగులో చెబుతాను, సర్దుకోండి.

"మనమంటే వాళ్లకి లెక్కలేదు. సిటీ ఇన్‌స్పెక్టరంటే ఉంది. ఆయన్ని పిలిచాను. థర్మామీటరు తెచ్చి కొలుస్తాడు. చలి ఉందని ఆయన రాస్తే ఆఫీసువాళ్లు పరిగెత్తుకొస్తారు. అన్నిటికంటే చల్లగా ఉండేది సుగుణా వాళ్లిల్లు. అదే చూపిద్దాం."

"తప్పకుండా!" అన్నాను, ఆ సుగుణని నేనే కాబట్టి.

"హనీ, నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఏమీ చెయ్యకు. ఇల్లెలా ఉందో అలా ఉంచు."

"ఓస్, అదెంత పని!"

ఇక్కడ మా పుట్టింటి గురించి కొంచెం చెప్పాలి. గుంటూరు జిల్లాలో ఒక మిషన్ బడికి మా నాన్న హెడ్‌మాస్టరు. ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారంటే గోడలకి సున్నం, గుమ్మానికి తోరణం, మా పెరట్లో కోళ్లకి ఆఖరి ప్రార్థన. "ఏమడిగినా 'అంతా బాగుందండీ' అనండర్రా" అని పిల్లలకి వారం ముందు నుంచీ తర్ఫీదు. నా రక్తంలో ఉన్నది ఆ ఇన్‌స్పెక్టరే. న్యూజెర్సీ ఇన్‌స్పెక్టరు వేరే జాతని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు తెల్లారకుండానే లేచి మినపప్పు రుబ్బడం మొదలుపెట్టాను. మా ఆయన దుప్పటి కప్పుకునే వంటింట్లోకి వచ్చారు.

"ఏమే, వచ్చేది కొత్తల్లుడు కాదు. సిటీ ఇన్‌స్పెక్టరు."

"ఎవరైతేనేమండీ! గడప తొక్కిన మనిషిని ఉత్త చేతులతో పంపిస్తామా?"

"చలి చూపించడానికి కదే పిలిచింది?"

"చలి ఎక్కడికి పోతుందండీ? అదీ ఉంటుంది, గారెలూ ఉంటాయి. మీరు డ్యూటీకి వెళ్లండి."

పాపం, వెళ్లిపోయారు. నేను నాలుగు బర్నర్లూ వెలిగించాను. ఒకదాని మీద కోడికూర, ఒకదాని మీద పలావు, ఒకదాని మీద మూకుడు, ఇంకొకటి ఊరికే ఉండటమెందుకని కాఫీ. కిటికీ సందుల్లోంచి గాలి వస్తుంటే అతిథికి ఇబ్బందని పాత చీరలు కుక్కాను. మధ్యలో నాకే చెమట పట్టి కోటు విప్పేశాను. అప్పుడైనా బుద్ధి వెలగాలా? వెలగలేదు. ఇల్లు కళగా ఉందని మురిసిపోయాను.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గుమ్మంలోనే ఆయన కళ్లద్దాలకి ఆవిరి పట్టేసింది. వెనకాలే వచ్చిన గ్లోరియాగారు వాసన పీల్చి, స్టవ్ చూసి, గోడకి చేరగిలబడిపోయారు.

"ఇక్కడ చాలా వెచ్చగా ఉందే!" అన్నాడాయన, కోటు విప్పుతూ.

"థాంక్యూ సర్!" అన్నాను, మెచ్చుకున్నాడనుకుని.

థర్మామీటరు తీశాడు. అది మా ఊరి ఎండాకాలాన్ని చూపించింది.

"మేడమ్, మీకు ఇబ్బందేమైనా ఉందా?"

గ్లోరియాగారు నాకేసి కళ్లతోనే బతిమాలారు. నా నోరు మాత్రం మా నాన్న బడిలో ఉండిపోయింది.

"నో సర్! ఎవ్రీథింగ్ ఫైన్ సర్! గారె తీసుకోండి సర్!"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడగకుండానే ఆయనకి పళ్లెం నిండా పెట్టాను, అడగాల్సింది మాత్రం అడగలేదు. ఆయన కడుపునిండా తిని, మేడ వెచ్చగా ఉందని రాసుకుని వెళ్లిపోయాడు.

తలుపు పడింది. గ్లోరియాగారు ఒక్కొక్క బర్నరే ఆర్పేసి నావైపు తిరిగారు.

"సుగుణా, నిన్ను ఏం చెయ్యమన్నాను?"

"ఏమీ చెయ్యొద్దన్నారు."

"అదొక్కటీ నీకు చేతకాలేదా?"

కింద పసివాడు మళ్లీ దగ్గాడు. నేను అక్కడే కూలబడి భోరున ఏడ్చేశాను. ఆవిడ నన్ను తిట్టకుండా వీపు నిమిరారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లోనే, నా స్టవ్ చేతిలోనే ఓడిపోయాను. ఆ మర్నాటి నుంచి మేనేజరు ఫోన్లో ఒకటే పాట: "మీ ఇన్‌స్పెక్టరే వెచ్చగా ఉందన్నాడుగా!"

గ్లోరియాగారు వదల్లేదు. సిటీ ఆఫీసు చుట్టూ తిరిగి, ఇన్‌స్పెక్టరుని మళ్లీ రప్పించారు. ఈసారి పొద్దున్నే మా ఇంటికొచ్చి, స్టవ్ వెలిగించే మరలు నాలుగూ ఊడదీసి జేబులో వేసుకుని, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"కాఫీ అయినా..." అన్నాను.

"కూర్చో."

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోటు విప్పబోయి, మళ్లీ బొత్తాలు పెట్టేసుకున్నాడు. థర్మామీటరు చూసి, "ఇక్కడ మనుషులెలా ఉంటున్నారు?" అన్నాడు. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను. ఆయన రాసుకోవడం ముగించి, ఆశగా వంటింటి వైపు మెడ సాచాడు.

"మొన్నటివి... ఆ చిల్లు ఉండేవి... ఇవాళ లేవా?"

"ఉంటాయి," అన్నారు గ్లోరియాగారు జేబు తడుముకుంటూ, "బాయిలరు పనిచేసిన రోజున."

ఆయన అటునుంచి అటే గ్లోరియాగారింటికి దిగి, ఆవిడ ఫోన్లోనే మేనేజరుకి చీవాట్లు పెట్టాడు. చీకటి పడకముందే బాయిలరు బాగై, గదుల్లో రేడియేటర్లు వేడిగా బుసకొట్టాయి. లంచం పెడితే పనులవడం మా జిల్లాలో చాలా చూశాను. గారెలు ఆపితే పనవడం ఆ మేడలోనే చూశాను. ఆ వెచ్చదనంలో గ్లోరియాగారి మనవడు దగ్గకుండా నిద్రపోతుంటే చూసి మళ్లీ ఏడ్చాను. ఈసారి సంతోషంతో.

కాబట్టి పాఠక మహాశయులారా, బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మా ఇంటికి ఏ ఆఫీసరు తనిఖీకి వచ్చినా, పని పూర్తయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వను. పనయ్యాక మాత్రం, కడుపు ఖాళీగా రమ్మనండి.