స్క్రీన్ మీద కనబడిన నా అనుభవం

పక్షవాతం వచ్చినవాళ్ల చేతుల్లో బిగుసుకుపోయిన కండరాలను వదులు చేసే ఇంజెక్షన్లు వేయడం నా పని. తిరుపతిలో చాలా ఏళ్లుగా వేళ్లతో తడిమి, పెన్నుతో చుక్క పెట్టి, సూది గుచ్చేవాణ్ణి. నా వేళ్లకు కళ్లున్నాయని జూనియర్ల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. వాళ్లు తలాడించేవాళ్లు. తలాడించక ఏం చేస్తారు, వాళ్ల పుస్తకాల్లో సంతకం పెట్టేది నేనే కదా.

ఒకసారి బంగారుపాళ్యం నుంచి ఒక దర్జీ వచ్చారు, ముస్లిం పెద్దాయన. ఎడమ చెయ్యి పిడికిలి ముడుచుకుపోయి ఉంది. కత్తెర ఆడించే కుడిచెయ్యి బాగానే ఉంది గానీ, గుడ్డను బల్ల మీద అదిమిపట్టే చెయ్యి లేక కొట్టు మూతబడింది. నేను అలవాటుగా తడిమి, చుక్క పెట్టి, గుచ్చేశాను. నెల తర్వాత ఆయన వేళ్లను నేనే నిదానంగా చాపి, ఎంత బాగా వస్తున్నాయో చూడన్నా అన్నాను. నిదానంగా లాగితే, ఇంజెక్షన్ పనిచేయకపోయినా అలాంటి పిడికిలి ఎవరిదైనా కాస్త తెరుచుకుంటుంది. పరీక్షల్లో ఈ ప్రశ్న నేనే అడుగుతాను. ఆయన బాగుందన్నారు. గుణం కనబడిందని కేస్ షీట్‌లో రాసి, తొందరేం లేదని రెండో విడతను ఆరు నెలలకు తోశాను.

ఆలోపు మా గదికి అల్ట్రాసౌండ్ మిషన్ వచ్చింది. అది కడుపుతో ఉన్నవాళ్లకు తప్ప ఎందుకూ పనికిరాదని ఎగతాళి చేశాను. దర్జీ మళ్లీ వచ్చినప్పుడు, దాని సంగతేదో తేల్చేద్దామని, ఎప్పటిలాగే తడిమి చుక్క పెట్టి, మిషన్ ప్రోబ్‌ను సరిగ్గా దాని మీదే ఆనించమని జూనియరమ్మాయికి చెప్పాను. వెంట వచ్చిన దర్జీ భార్య ఆయన వేళ్లను చాపి, ముడుస్తూ ఉంటే స్క్రీన్ మీద ఒక కండరం కదిలింది. నా చుక్క కింద ఉన్నది మాత్రం చలించలేదు. అది మణికట్టును వంచేది. వేళ్లను ముడిచేది ఇంకా లోపల, పక్కకు ఉంది. నేను, ఈయన చెయ్యి కొంచెం తేడాగా ఉన్నట్టుందే అన్నాను. నా తప్పును ఆయన చేతి మీదికే నెట్టేశాను, సిగ్గు లేకుండా. తర్వాత స్క్రీన్ చూసుకుంటూ సూదిని సరైన చోటికి పోనిచ్చాను.

నెల తర్వాత ఆయన సంచిలోంచి జాకెట్టు గుడ్డ తీసి, నా బల్ల మీద పరిచి, ఎడమ అరచేత్తో అదిమిపట్టి చూపించారు. నాకు సంతోషంతో పాటు భయమూ వేసింది.

"పోయినసారి కూడా బాగుందన్నావు కదన్నా," అన్నాను.

"అప్పుడేమీ లేదు సార్. మీరు నా వేళ్లు పట్టుకోని అంత సంతోషపడతా ఉంటే, లేదని ఎట్ల సెప్పేది? నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను."

నేను నొచ్చుకోకూడదని ఆయన ఆరు నెలలు కొట్టు మూసుకొని కూర్చున్నారు.