బాపు ఇస్త్రీ చేసిన రెక్క

ఆ రోజుల్లో నాకు రానిదంటూ ఏదీ లేదని నేను నమ్మి, నలుగురినీ నమ్మించి తిరిగేదాన్ని. ఇంజినీరింగ్ మూడో ఏడు. కాలేజీ పోటీకి చిన్న విమానం కడుతున్న అయిదుగురిలో నేనొక్కతినే ఆడపిల్లను. బల్సా అనే తేలికపాటి కర్రతో రెక్క చట్రం తయారైంది. ఇక దానికి ఫిల్మ్ తొడగాలి. ఒకవైపు జిగురుండే ప్లాస్టిక్ పొర అది; ఇస్త్రీపెట్టెతో రుద్దితే కర్రకు అతుక్కుని బిగుసుకుంటుంది. "ఇస్త్రీవాళ్ల బిడ్డవు గదా, నీకిది చేతిల పని" అంటూ మా లీడర్ ఆ రెక్కను నాకు అంటగట్టాడు. (నిజానికి నేను రుమాలైనా ఇస్త్రీ చేసి ఎరగను. మాదన్నపేటలో మా బాపుది ఇస్త్రీ బండి. "నీ చేతిల పుస్తకమే ఉండాలె. పెట్టె ముట్టినవంటే ఊకోను" అనేవాడు.) ఆ మాట చెప్పడానికి నాకు నామోషీ. "గదెంత పని!" అనేశాను.

ఫిల్మ్ ఎంచుకోవడంలోనూ అదే పొగరు. "హల్కాది తీస్కో బేటా, చిన్న జహాజ్ గదా" అని దుకాణం భాయ్ చెబుతూనే ఉన్నాడు. నేను మాత్రం బాపు గుడ్డను చూసినట్టు రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, మందపాటి పసుపుది తెచ్చాను. ఇంట్లో కరెంటు పెట్టెను నిండా కాల్చి ఆనించానో లేదో, చెయ్యి పట్టేంత బొక్క పడింది. రెండోసారి అన్నీ ముడతలే. ఇక మిగిలింది ఒక్క ముక్క. తెల్లారితే పోటీ. ఏడుపు లంకించుకున్నాను.

మంచం మీంచి బాపు అంతా చూస్తున్నాడు. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. కుడిచెయ్యి పడిపోయింది, బండి అమ్మేశాం. "దేవుడు నన్నెప్పుడు తీస్కపోతడో" అనే మాట తప్ప వేరే మాట లేని మనిషి, ఆ సాయంత్రం "ఇటు తే" అన్నాడు.

గోడకు ఆనుకుని కూర్చుని, ఎడమచేత్తో పెట్టెను చెంప దగ్గరికి తెచ్చి వేడి చూశాడు. తగ్గించమన్నాడు. తర్వాత పెట్టె కింద పెట్టి, గ్లాసులో వేళ్లు ముంచి, కర్ర మీద నీళ్లు చల్లబోయాడు. తడి తగిలితే బల్సా వంకరపోతుంది.

"బాపూ! నీళ్లెందుకు?"

"నీళ్లు సల్లకుంటే ముడత వోతదా బిడ్డా? ఇంజినీరువంట, గింత తెల్వదా?"

నవ్వాడు. ఎనిమిది నెలల తర్వాత నవ్వాడు. ఇప్పుడు ఆపితే ఆ చెయ్యి మళ్లీ పెట్టె పట్టదని నాకు తెలిసిపోయింది. నోరు మూసుకున్నాను. ఆయన చల్లాడు (దండిగానే చల్లాడు), ఫిల్మ్ పరిచాడు, రుద్దాడు.

మర్నాడు మా విమానం లేస్తూనే ఎడమకు తిరిగి, జడ్జీల షామియానాను రాసుకుంటూ పోయి నేలకు కొట్టుకుంది. లీడర్ ఒకటే లొల్లి. "ఫిల్మే ఖరాబుది" అని అబద్ధమాడి, ముక్కలు ఏరుకున్నాను. ఆ తర్వాత వాళ్లు నన్ను మళ్లీ పిలవలేదు.

గడప దాటకముందే బాపు అడిగాడు.

"ఎంత పైకి వోయింది బిడ్డా?"

"మస్తు పైకి, బాపూ. మూడంతస్తులంత."

"మరి ముడత?"

"ఒక్కటి గూడ లేదు."

ఆ రోజు నేనాడిన నిజం అదొక్కటే. విరిగిన ముక్కలను తిప్పి తిప్పి చూశాను. నిజంగానే ఒక్క ముడత లేదు.

బోనాలకు ముందే బాపు పోయాడు. పోయేదాకా, చూడవచ్చిన ప్రతివాడికీ తన రెక్క సంగతి చెప్పాడు. అన్నీ వచ్చని విర్రవీగిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. దానికి నిజంగా వచ్చిన విద్య నోరు మూసుకోవడమొక్కటే. అదీ ఆ ఒక్క సాయంత్రమే.