బిళ్ళగన్నేరు తలెత్తేదాకా

నా చిన్నప్పుడు నాకు భయం లేనిదంటూ లేదు. పిల్లి అరిచినా, మగవాళ్ళు గొంతు పెంచి మాట్లాడినా వణుకే. కానీ మూడో తరగతి వేసవిలో పట్టుకున్న భయం వేరు. దాన్ని ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే అసలు సంగతి బయటపడుతుంది మరి.

మాది లంబసింగి ఘాటీ దిగువన చిన్న ఊరు. లంబసింగి పేరు చెబితే ఇప్పుడు అందరూ మంచు, చలిమంటలు, ఫొటోలు అంటారు. ఆ కొండ దిగి మార్చి నెలలో మా ఊళ్ళో చెప్పుల్లేకుండా పదడుగులు వేయమనండి, తెలుస్తుంది. అంతా ఎర్ర కంకర. ఎంత వాన పడినా పడ్డట్టే జారిపోయేది. తొంభైల్లో ఊరంతటికీ ఒకటే బోరింగు. ఎండలు ముదిరితే అది దగ్గడమే తప్ప నీళ్ళిచ్చేది కాదు. మా నాన్న అక్కడి బడిలో మాస్టారు. బడి పక్కన చర్చి, చర్చి వెనక మెట్ట మీద సమాధుల తోట.

ఆ తోటలో మా తమ్ముడున్నాడు. వాడికి నాలుగేళ్ళు. వానాకాలంలో మలేరియా వచ్చింది. ఒకరోజు అమ్మ బోరింగుకి వెళ్తూ వాణ్ణి కనిపెట్టుకుని ఉండమని నాకు అప్పజెప్పింది. నేను అరుగు మీద గచ్చకాయలు ఆడుకుంటున్నాను. లోపల్నుంచి "అక్కా, నీళ్ళు" అన్నాడు. "ఉండరా, వత్తన్నాను" అన్నాను. ఆట మంచి పట్టులో ఉంది. అది ముగించి గ్లాసు పట్టుకెళ్ళేసరికి వాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను. సాయంత్రం జీపులో నర్సీపట్నం తీసుకెళ్ళారు. మళ్ళీ వాడు మాట్లాడలేదు.

క్రిస్మస్‌కి ముందు నాన్న పైన లంబసింగిలో తెలిసినవాళ్ళ పెరట్లోంచి గులాబీ మొక్క తెచ్చి తమ్ముడి సమాధి మీద నాటారు. చలి ఉన్నంతకాలం బాగానే ఉంది, రెండు పువ్వులు కూడా పూసింది. చలి పోగానే ఆకులు అంచుల నుంచి మాడిపోసాగాయి. బళ్ళో నా పక్కన కూర్చునే గుంట ఒకతి, సమాధి మీద మొక్క ఎండితే లోపలున్నవాళ్ళకి దాహమేస్తున్నట్టు లెక్క అంది. దానికెవరు చెప్పారో, ఊరికే నోటికొచ్చింది అందో తెలీదు. నేను మాత్రం నమ్మేశాను. వాడింకా అడుగుతూనే ఉన్నాడనుకున్నాను.

అప్పట్నుంచి ఒంటిపూట బడి వదలగానే తాగే బిందెలోంచి దొంగతనంగా చెంబెడు నీళ్ళు ముంచుకుని మెట్ట ఎక్కేదాన్ని. పోసిన నీళ్ళు కంకర్లోకి సుర్రుమని ఇంకిపోయేవి, తడి కూడా మిగిలేది కాదు. ఎంత పోసినా వాడికి చాలడం లేదనిపించేది. రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. చివరికి ఒక మధ్యాహ్నం గులాబీ కొమ్మను గోటితో గీరి చూస్తే ఎక్కడా పచ్చదనం లేదు. చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఏటి సేత్తన్నావే గుంటా?"

వెనక్కి తిరిగితే బైబిలు మామ్మ. ఇంటింటికీ తిరిగి వాక్యం చదివి ప్రార్థన చేసే ముసలావిడ. తెల్లచీర, నల్లగొడుగు. మా పిల్లలందరికీ ఆవిడంటే హడల్. ఎవరేం తప్పు చేశారో ఆవిడకి మొహం చూస్తే తెలిసిపోతుందని మా నమ్మకం. ఈస్టరు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి వస్తారు కాబట్టి, ముందుగా తన భర్త సమాధి శుభ్రం చేసుకోవడానికి వచ్చింది. నేను వెనక్కి గెంతేసరికి సగం నీళ్ళు కాళ్ళ మీద ఒలికాయి. ఇక దాచడం నా వల్ల కాలేదు. గచ్చకాయలతో సహా అంతా చెప్పేసి, దేవుడి ఉగ్రత గురించి చదువుతుందని కళ్ళు మూసుకున్నాను.

ఆవిడ ఏమీ చదవలేదు. నా చెయ్యి పట్టుకుని తన భర్త సమాధి దగ్గరికి తీసుకెళ్ళింది. దాని నిండా బిళ్ళగన్నేరు మొక్కలు. ఆకులన్నీ ముడుచుకుని వాలిపోయి ఉన్నాయి. ఈయనకి కూడా దాహమేస్తోందని నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మిగిలిన నీళ్ళు పోయబోతే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పొయ్యకే. పొద్దు వాలీదాకా కూకుందాం."

మేకలు తోలుకెళ్తున్న ఒకామెతో మా అమ్మకి కబురంపి, జీడిమామిడి చెట్టు కింద చతికిలబడింది. నేనూ కూర్చున్నాను. అంత పొడుగు మధ్యాహ్నం నేను మళ్ళీ చూడలేదు. గాలి లేదు, పిట్ట లేదు. ఒళ్ళో ఉన్న చెంబు వేడెక్కిపోయింది. ఎండుటాకు కదిలినా "అక్కా" అన్నట్టే వినిపించేది. లేవబోయినప్పుడల్లా మామ్మ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టేది. ఆ మొక్కలు చచ్చిపోతున్నాయని, నీళ్ళు చేతిలో పెట్టుకుని రెండోసారి కూడా ఆలస్యం చేస్తున్నానని నాకు ఒకటే భయం.

ఎండ కొండ చాటుకి జారింది. కాసేపటికి ఒక ఆకు విచ్చుకుంది. ఇంకొకటి. చీకటి పడకముందే మొక్కలన్నీ ఏమీ ఎరగనట్టు తలెత్తి నిలబడ్డాయి.

"సూసినావా? నీళ్ళడగలేదు, ఎండకి తల దాసుకుంది. అంతే," అంది మామ్మ.

ఆ తర్వాత నన్ను సమాధులన్నిటి మధ్యా తిప్పింది. వానలు పోయాక అక్కడ నీళ్ళు పోసే దిక్కు లేదు, అయినా బతికి ఉన్నవి ఏమిటో నన్నే వెతకమంది. కలబంద మట్ట నొక్కి చూశాను, దళసరిగా, లోపల నీళ్ళు దాచుకున్నట్టు ఉంది. గన్నేరు ఆకు తోలుముక్కలా ఉంది. కాగితంపూల తీగ గోడంతా పాకింది. తోట వేయాలంటే ముందు పువ్వు చూసి మురిసిపోకూడదనీ, ఎవరూ నీళ్ళు పోయని చోటికి నడివేసవిలో వెళ్ళి ఏది బతికుందో చూసుకోవాలనీ చెప్పింది. గులాబీ చలికొండ మొక్క, ఈ కంకర్లో దానికి ఎన్ని చెంబులు పోసినా చాలవంది.

దిగి వస్తూ "మరి తమ్ముడో?" అని అడిగాను. మామ్మ నడక ఆపి నా వైపు తిరిగింది.

"ఆడు అడిగినాడు, నువ్వు ఆలిస్యం సేసినావు. లేదని నాను అబద్దమాడను. కానీ ఆడ్ని అట్టుకుపోయింది జొరం, నీ ఆట కాదు. ఇప్పుడు ఆడికి దాహం లేదే అమ్మా."

ఊరడించడానికి అబద్ధం చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. ఆ రాత్రి నిద్రపోయాను.

తొలకరి పడగానే మామ్మ తన భర్త సమాధి మీంచి రెండు బిళ్ళగన్నేరు మొక్కలు తవ్వి ఇచ్చింది. వేరు పట్టేదాకా నీళ్ళు పోసి, తర్వాత ఆపేయమంది. ఆపడానికి నాకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో నాకే తెలుసు. మరుసటి ఈస్టరుకి తమ్ముడి కొవ్వొత్తి పక్కన తెల్లపూలు ఉన్నాయి.

ఇప్పుడు నాకూ ఒక పెరడుంది, అలాంటి కంకర నేలే. మామ్మ చూపించిన మొక్కలే వేసుకున్నాను. మధ్యాహ్నం అవి తల వాలిస్తే సాయంత్రం దాకా ఆగుతాను. ఇంట్లో ఎవరైనా "నీళ్ళు" అంటే మాత్రం ఆగలేను. పొయ్యి మీద ఏమున్నా, చేతిలో ఏమున్నా వదిలేసి, మాట పూర్తికాకముందే గ్లాసుతో నిలబడతాను. అంత పరుగెందుకమ్మా అని మా పిల్లలు నవ్వుతారు. వాళ్ళకింకా చెప్పలేదు.